మంచం ఎటు జరపాలి

మా ఆయన నా వైపు సరిగ్గా చూసి ఎన్నాళ్ళైందో చెప్పమంటే చెప్పలేను. ఫలానా రోజున మొదలైందనడానికి అదేమీ జ్వరం కాదు కదా. పక్కన నిలబడి పలకరిస్తే ఉలిక్కిపడతారు. కాఫీ కప్పు అందిస్తే చెయ్యి చాచరు, బల్ల మీద పెట్టు తీసుకుంటాలే అంటారు. ఒకరోజు జుట్టు సగానికి సగం కత్తిరించుకొచ్చి, పక్కన కూర్చుని భోంచేశాను. తిన్నారు, కంచం కడుక్కున్నారు, వెళ్ళిపోయారు. ఒక్క మాట లేదు. కత్తిరించినమ్మాయి కూడా పాపం నాలుగుసార్లు అద్దం తిప్పి చూపించింది, ఇంట్లో ఏమంటారో చెప్పండి ఆంటీ అని.

సాయంత్రం అలా నడిచొద్దామంటే కాళ్ళ నొప్పులు. సినిమాకంటే తలనొప్పి. పొద్దు వాలేసరికి ఇల్లు చేరి, పడకగదిలో మంచం మీద కూర్చుండిపోతారు. ఇంకో ఆడదేమైనా ఉందా అని కొన్నాళ్ళు చొక్కాలు వాసన చూశాను. డీజిలూ, పిల్లలు పెట్టే చాక్లెట్లూ తప్ప ఏమీ తగల్లేదు. ఉన్నా కాస్త నిశ్చింతగా ఉండేది, పోట్లాడటానికి ఒక మనిషి దొరికేది. ఏ కారణమూ లేకుండా మొగుడు దూరమైపోతుంటే ఎవరి జుట్టు పట్టుకోవాలి?

చాక్లెట్లంటే గుర్తొచ్చింది, ఆయన స్కూలు బస్సు నడుపుతారు. ప్రతి గేటు ముందూ పొట్టి హారన్లు రెండు కొడతారని పిల్లలంతా హారన్ మామయ్య అంటారు. మాకు పిల్లలు కలగలేదు. ఎవరైనా అడిగితే "బస్సునిండా ఉన్నారుగా" అని నవ్వుతారాయన. ఆయన నవ్వినప్పుడల్లా నాకు లోపల కలుక్కుమంటుంది. ఇన్నేళ్ళలో ఆ బండికి ఒక్క గీత పడలేదు.

నేను కర్టెన్ల షాపులో పనిచేస్తాను. కొలతలకని ఇళ్ళకు వెళ్ళి, జనం పడకగదుల్లో టేపు పట్టుకుని స్టూలెక్కుతాను. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నారో లేదో, దిండ్లు చూసి చెప్పగలను. ఒక దిండు మంచం మీదా ఒకటి సోఫాలోనా ఉంటే ఆ ఇంట్లో కర్టెన్ రంగు తేలడానికి నెల పడుతుంది. ఇంత తెలివి ఉండి ఏం లాభం, నా గదిలో ఏం జరుగుతోందో నాకే అంతుపట్టలేదు. లోపల్లోపల కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ ఉండేదాన్ని. షాపులో కుట్టు వంకర పోయేది, ఇంట్లో పాలు పొంగేవి.

అలాంటి సమయంలో మా ఆడపడుచు వచ్చింది. ఆవిడ ఈమధ్య ఏదో కోర్సు చదివి, మెళ్ళో దిక్సూచి వేలాడేసుకుని తిరుగుతోంది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగకముందే ఉత్తరం ఎటుందో చూస్తుంది. మా పడకగది గుమ్మంలో నిలబడి, శవాన్ని చూసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వదినా! కాళ్ళు తలుపుకేసి పెట్టుకుని పడుకుంటున్నారా?"

"తలుపే మా కాళ్ళకేసి పెట్టుంది. అద్దె ఇల్లు" అన్నాను.

"నవ్వకు వదినా. తల వెనకాల కిటికీ, ఆసరా లేదు. మంచం ఒక పక్క గోడకానించేశారు. గోడవైపు ఎవరు పడుకుంటారు?"

"నేనే."

"అయితే ఇంకేం! నువ్వు దిగడానికి దారి లేదు, అన్నయ్య మనసులోకి నీకు దారి లేదు. బీరువా అద్దం చూడు, మంచాన్నే చూస్తోంది. నిద్రపోయేవాళ్ళ శక్తినంతా అదే లాగేస్తుంది."

"ఇది వాస్తా?"

"వాస్తు కాదు, ఫెంగ్‌షుయ్, చైనావాళ్ళది. వాస్తు కట్టుకునేవాళ్ళకి, ఇది సర్దుకునేవాళ్ళకి."

"సర్దుకుంటూనే ఉన్నాగా ఇన్నేళ్ళూ" అన్నాను. పైకి వెటకారమే గానీ, గోడవైపు దారి లేదన్న మాట నాకు గట్టిగా తగిలింది. నిజంగానే ఇన్నేళ్ళూ ఆయన కాళ్ళ మీదుగా దాటుకుని దిగుతున్నాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం నడుం బిగించాం. మంచాన్ని తలుపుకి ఎదురు కాకుండా అవతలి మూలకి, తల గోడకి ఆనేలా, పడుకుంటే తలుపు కనబడేలా జరిపాం. రెండు పక్కలా మనిషి నడిచేంత చోటు వదిలాం. ఆయన వైపు చిన్న బల్ల ఉంది కాబట్టి నా వైపు ఒక స్టూలు వేసి, షాపు నుంచి తెచ్చిన గుడ్డ ముక్క కప్పాను. అద్దానికి మిగులు కర్టెన్ కట్టాను. మంచం కాళ్ళు కీచుమన్నప్పుడల్లా కింద ఇంటావిడ కర్రతో కప్పు పొడిచింది. అన్నీ అయ్యాక గది మధ్యలో నిలబడితే నాకే ముచ్చటేసింది. ఇల్లు అలకగానే పండగ కాదని తెలుసు, అయినా గుండెల్లో ఏదో ఆశ మొలిచింది.

ఆయన వచ్చారు. నేరుగా గదిలోకి నడిచారు. మంచం మూలకి మోకాలి కింద ఎముక ఠక్కున తగిలింది.

ఆయన గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. "ఎవరు జరపమన్నారు? ఎవర్నడిగి జరిపావు? ఎక్కడి వస్తువు అక్కడ ఉండనివ్వవా?"

"మంచం జరిపితే ఇంత కోపమా?"

"తీసెయ్. మళ్ళీ ఎప్పటిలా పెట్టెయ్."

"పెట్టను. ఇన్నాళ్ళూ నేను గోడకి అతుక్కుని పడుకున్నాను. నాక్కూడా ఒక దారి కావాలి."

ఆయన కాలు రుద్దుకుంటూ కూర్చున్నారు. నా మొహం వైపు తిరిగి, కొంచెం పక్కకి ఎక్కడో చూస్తూ ఉండిపోయారు. నాకు కన్నీళ్ళొచ్చాయి. ఆ కన్నీళ్ళు కూడా ఆయన చూడలేదు.

ఆడపడుచుకి ఫోన్ చేస్తే, "దెబ్బ తగిలిందా? అదే చెప్తున్నా. ఆ బల్లకి పదునైన మూలలున్నాయి చూడు, అవి విషబాణాలు. తీసేసి గుండ్రటిది వెయ్యి" అంది. తగిలింది మంచం అయితే తప్పు బల్లదెలా అయిందో నాకర్థం కాలేదు. అయినా వేశాను. మర్నాడు పొద్దున ఆయన పాత బల్ల అంచు ఉండే చోట గ్లాసు పెట్టబోయారు. గ్లాసు నేల మీద పడింది. "నీళ్ళు ఒలికాయా? నీటి మూల చెడింది, బీరువా జరుపు" అంది ఆడపడుచు మళ్ళీ ఫోన్లో. జరిపాను. ఆ సాయంత్రం బీరువా తలుపు ఆయన నుదుటికి తగిలింది. దెబ్బ తగిలిన కొద్దీ నేను జరపడం, జరిపిన కొద్దీ ఆయనకి దెబ్బ తగలడం. మందే రోగమైందని తట్టే స్థితిలో లేను. గదిలో ఏదో చెడు తిరుగుతోందని, ఎటు జరిపితే అది బయటికి పోతుందో ఇంకా దొరకలేదని, అంతే అనుకున్నాను.

నిజం చెప్పాలంటే నా చెయ్యి కూడా ఊరుకోలేదు. ఆయన బస్సుతో బయల్దేరగానే గదిలోకి వెళ్ళేదాన్ని. కుర్చీ ఇటు, దీపం అటు. షాపులో ఉన్నా మనసు మంచం కాళ్ళ దగ్గరే ఉండేది. ఎవరి ఇంట్లోనో కిటికీ కొలుస్తూ, నా గదిలో కిటికీ వైపు తల పెట్టడం మంచిదా కాదా అని ఆలోచించేదాన్ని. కొలత మర్చిపోయి మళ్ళీ స్టూలెక్కేదాన్ని. షాపాయన "నీకు ఒంట్లో బాగుందా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆయనేమో పొద్దున్నే లేచి గదంతా ఒక చుట్టు తిరిగేవారు. మంచం అంచు, కుర్చీ వీపు, బీరువా పక్క ఒక్కొక్కటీ అరచేత్తో తట్టి చూసేవారు. నేనేం జరిపానో లెక్క చూస్తున్నారనుకున్నాను. వెక్కిరిస్తున్నారనుకుని ఒళ్ళు మండిపోయేది.

ఆఖరికి ఆడపడుచు అన్నయ్య పుట్టిన సంవత్సరం పట్టుకుని ఏవో గుణకారాలు చేసి, "మంచం తూర్పు గోడకి మార్చు. అన్నయ్య గుమ్మంలో అడుగుపెట్టగానే మొదట నువ్వే కనపడాలి. అలా ఎదురుగా కూర్చో" అంది. మార్చాను. ఒక్కదాన్నే, నడుం పడిపోయేలా. ఆయనొచ్చే వేళకి స్నానం చేసి, ఆయనకి నచ్చే నీలం బట్టలు కట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. పెళ్ళైన కొత్తలో కూడా అంత ముస్తాబు కాలేదు. కిటికీలో ఇంకా వెలుతురుంది, నా చేతి గీతలు నాకు కనిపిస్తున్నాయి. దీపం వెయ్యలేదు.

ఆయన లోపలికొచ్చారు. గుమ్మం మొదలు ఒక చేత్తో గోడ తాకుతూ వచ్చారు. చొక్కా పై గుండీలు విప్పుకుంటూ, నా కుర్చీ పక్కనుంచే, బట్ట తగిలేంత దగ్గరగా నడిచారు. పొద్దున మంచం ఉన్న చోటికి వెళ్ళి, వెనక్కి తిరిగి, కూర్చున్నారు.

అక్కడ మంచం లేదు.

నేల మీద పడ్డారు. గట్టిగానే పడ్డారు. నేను లేవబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆయన మొహంలో కోపం లేదు. భయం ఉంది. ఎవరూ లేరనుకున్న మనిషి మొహం అది. కాసేపు అలాగే కూర్చుని, రెండు అరచేతులతో నేలని తడుముతూ మంచం ఎటు పోయిందో వెతకడం మొదలుపెట్టారు. చాచిన చెయ్యి నా పాదానికి జానెడు దూరంలో తిరిగి వెనక్కి వెళ్ళింది. నీలం బట్టలు కట్టుకుని కూర్చున్న పెళ్ళాం ఆ గదిలో ఉందని ఆయనకి తెలియదు.

"నేనిక్కడే ఉన్నానండీ" అన్నాను.

ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది.

నేనూ నేల మీదకి దిగి పక్కన కూర్చున్నాను. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏడాది దాటింది. చుట్టూ ముడుచుకుంటూ వస్తోంది. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది, గొట్టంలోంచి చూసినట్టు. పక్కలా, కిందా ఏమీ ఉండదు. పొద్దు వాలితే ఆ గొట్టం కూడా ఉండదు."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకున్నా. కంటి నరం ఎండిపోతోందట. పోయిందేదో పోయింది, తిరిగి రాదన్నాడు. ఉన్నది నిలబడటానికి చుక్కల మందు ఇచ్చాడు. బస్సులో పెట్టుకుని వేసుకుంటున్నా."

సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు మొదట నాకు కలిగింది సంతోషం. ఈయన నన్ను వదిలేయలేదు. నా జుట్టు, నా కన్నీళ్ళు, అందించిన కప్పు, అవేవీ ఆయన తోసేసినవి కావు. పరుగున వెళ్ళి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఆ సంతోషం ఎంతోసేపు ఉండలేదు. ఆయన అన్న మాటల్లో ఒకటి చెవిలో జోరీగలా తిరగడం మొదలుపెట్టింది. బస్సులో పెట్టుకుని.

"బండి నడపొచ్చన్నాడా డాక్టరు?"

ఆయన విప్పుకున్న గుండీలు మళ్ళీ పెట్టుకోసాగారు.

"ఏమండీ, మిమ్మల్నే."

"డ్రైవర్నని చెప్పలేదు."

"అయ్యో రాత!"

"ఎందుకంత కంగారు? ఎదురుగా కనపడుతుందన్నాగా. పక్కకి అద్దాలున్నాయి. పిల్లల్ని ఎక్కించడానికీ దించడానికీ ఆయా ఉంది. ఆ దారి నాకు కంఠతా వచ్చు. ఎక్కడ గుంతుందో, ఎక్కడ మలుపుందో కళ్ళు మూసుకుని చెప్తా. ఈ గది కూడా అలాగే వచ్చేది. నువ్వు జరపకముందు ఒక్కసారైనా దేనికైనా తగిలానా? చెప్పు."

"లేదు."

"మరి? తప్పు కళ్ళది కాదు. నువ్వు మంచం జరిపావు కాబట్టి పడ్డా. రోడ్డుని ఎవరూ జరపరు."

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. ఎన్నాళ్ళకో పట్టుకున్న చెయ్యి, విడిపించుకోవడం నావల్ల కాలేదు.

"పరీక్షలయ్యేదాకా ఊరుకో. సెలవులిచ్చాక నేనే మానేస్తా. ఎవరితోనూ అనకు, మా చెల్లెలితో అసలే అనకు. ఆ పిల్లలు పొద్దున్నే ఎక్కి 'మామయ్యా' అంటారే, అది కూడా పోతే నేను ఈ గదిలో కూర్చుని ఏం చెయ్యాలి? చెప్పు, ఏం చెయ్యాలి?"

ఆయన అడిగింది నిజమైన ప్రశ్న. ఏడ్చాను, ఆయనా ఏడ్చారు. తరవాత గదిని ఎప్పటిలా పెట్టేద్దామన్నారు. ఇద్దరం కలిసి మంచాన్ని మళ్ళీ కిటికీ కింద, గోడకి ఆనించి, కాళ్ళు తలుపుకేసి పెట్టాం. గుండ్రటి బల్ల తీసేశాను, అద్దం మీద గుడ్డ విప్పాను. అంతా అయ్యాక ఆయన గుమ్మం నుంచి మంచానికీ, మంచం నుంచి బీరువాకీ, బీరువా నుంచి మళ్ళీ గుమ్మానికీ చకచకా నడిచి చూపించారు. దేనికీ తగల్లేదు. "చూశావా?" అన్నారు, పద్యం తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లాడిలా. ఒక్క క్షణం నమ్మేశాను కూడా.

అప్పుడే ఆడపడుచు ఫోన్ చేసింది. "ఫలితం కనపడిందా వదినా?"

"కనపడింది" అని పెట్టేశాను.

ఆ రాత్రి ఇక నాకు నిద్రెక్కడిది. స్కూలుకి ఫోన్ చేస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కానీ ఆయన్ని బండి దించింది కళ్ళు కాదు, పెళ్ళాం అవుతుంది. ఈ జన్మకి మళ్ళీ నా చెయ్యి పట్టుకోరు. చెయ్యకపోతే? చెయ్యకపోతే అన్న ఆలోచన రాగానే లేచి కూర్చునేదాన్ని. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. ఆయన మాత్రం, గది కుదురుకుంది కాబట్టి, హాయిగా నిద్రపోయారు. రోడ్డుని ఎవరూ జరపరు. నిజమే. కానీ రోడ్డు మీద పిల్లలు ఒకచోట నిలబడతారా? బంతి వెనకాల పోతారు, పెన్సిల్ పడితే వంగుతారు, బస్సు ముందు నుంచే అడ్డంగా అవతలికి పరిగెత్తుతారు. ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన అద్దాలంటారు, ఆయా అంటారు, కంఠతా అంటారు. మాటలతో అయ్యే పని కాదిది.

తెల్లారింది. కర్టెన్లు రెండు పక్కలకీ పూర్తిగా లాగేశాను. గదినిండా ఎండ పడింది. దాచిపెట్టడానికి ఒక్క నీడ కూడా లేకుండా చూసుకున్నాను. ఆయన స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, అద్దంలో దువ్వుకున్నారు. అద్దంలో బాగానే కనపడుతుంది, ఎదురుగా ఉంటుంది కదా. కొక్కేనికున్న తాళాలు తీసుకున్నారు. వంట గదిలో ఉన్నాననుకుని "వస్తానే" అని కేకేశారు.

నేను వంటగదిలో లేను. బీరువాకీ గుమ్మానికీ మధ్య, నేల మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. బూటు లేసు కట్టుకోవడానికి కూర్చున్న పిల్లది ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో, తల వంచుకుని.

ఆయన తిరిగారు. మొహం సరిగ్గా నా వైపే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా తల మీదుగా గుమ్మాన్ని చూస్తున్నాయి. నవ్వుతున్నారు కూడా. అడుగు వేశారు. ఇంకో అడుగు వేశారు. లేవాలనిపించింది, అరవాలనిపించింది. ఇంతలోనే చూస్తారు, చూసి ఆగుతారు అనుకుంటూ ఊపిరి బిగబట్టాను. నా ప్రాణమంతా ఆయన ఆగాలనే కోరుకుంది. ఆగితే ఆ రోజంతా గుండె రాయి చేసుకుని ఊరుకునేదాన్నేమో.

ఆగలేదు. ఆయన మోకాలు నా దవడకి తగిలింది, బూటు నా వేళ్ళ మీద పడింది. ముందుకి తూలి గుమ్మం పట్టుకుని నిలదొక్కుకున్నారు. తాళాలు ఎగిరి ఎక్కడో పడ్డాయి.

"మళ్ళీ ఏం జరిపావే ఇక్కడ? నిన్ననేగా అంతా పెట్టింది!" అని అరిచారు వంటగది వైపు తిరిగి.

నా నోటినిండా రక్తం. మాట్లాడలేకపోయాను. ఏడుపు కూడా సరిగ్గా రాలేదు, చిన్నపిల్లలకి మొదట ఊపిరాడక వచ్చే ఎక్కిలి ఒకటి వచ్చింది. ఆ చప్పుడు విని ఆయన కొయ్యబారిపోయారు. మెల్లగా వంగి చెయ్యి చాచారు. చెయ్యి నా తల మీద పడింది. కత్తిరించిన జుట్టు, చెవి, చెంప, తడి. తడి తగలగానే వేళ్ళు ఆగిపోయాయి.

"ఎవరు?" అన్నారు. ఆయన గొంతు నాకు గుర్తు కూడా పట్టలేనంత చిన్నగా ఉంది.

"నేనేనండీ" అన్నాను. "ఒకటో తరగతి పిల్లలు కూర్చుంటే ఇంతే ఉంటారు."

ఆయన నా ఎదురుగా కూలబడిపోయారు. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, దగ్గరికి, ఇంకా దగ్గరికి తెచ్చుకుని, ఆ గొట్టంలోకి నన్ను ఇముడ్చుకుని చూశారు. పెదవి చూశారు, దవడ చూశారు, నలిగిన వేళ్ళు ఒక్కొక్కటీ చూశారు. వణికిపోతున్నారు. నేను చేసింది మంచిపనో చెడ్డపనో నాకు తెలియదు, ఆ వణుకు మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

జేబులో ఫోన్ మోగింది. ఆయా. "ఏం డ్రైవరుగారూ, ఇంకా బయల్దేరలేదా? పిల్లలు గేట్ల దగ్గర నిలబడుంటారు" అన్న గొంతు నాక్కూడా వినిపించింది.

"నేను రావట్లేదు. ఆఫీసులో చెప్పి ఇంకో డ్రైవర్ని పిలిపించు" అన్నారాయన. ఆవిడ ఏదో అడిగింది. "జ్వరం కాదమ్మా. నాకు కళ్ళు కనపడట్లేదు. రేపూ రాను. ఇంక రాను."

తరవాత ఆయా, "మరి పిల్లలు మామయ్య ఏడీ అంటే ఏం చెప్పమంటారు?" అంది.

ఆయన ఫోను నా చేతిలో పెట్టి, నా భుజం మీద తల ఆనించారు.